పెట్టెకిచ్చిన నమ్మకం

పెద్ద నర్సు ఆ సంచీని రెండు అరచేతుల మీద పడుకోబెట్టుకుని వచ్చింది. లోపల ఉన్నది దానిమ్మ రసం రంగులో, అంతకన్నా చిక్కగా ఉంది. ఆమె అడుగు వేసినప్పుడల్లా ఒక మూల నుంచి ఇంకో మూలకి బద్ధకంగా జారుతోంది. అతను అప్పటికే నీలం పెట్టె మూత తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. చల్లటి పలకల మధ్య సంచీని సర్ది, మూత వేసి, ఆమె గొళ్ళేలు నొక్కింది. చివరి గొళ్ళెం టక్కుమన్నాకగాని అతను బిగబట్టిన ఊపిరి వదల్లేదు.

“ఇక మీదే పూచీ,” అంది నర్సు.

అతను తలూపి, మోకాళ్ళు వంచి, పిడి పట్టుకుని కాకుండా అడుగున చేతులు వేసి పెట్టెని లేపాడు. నిద్రపోతున్న పిల్లల్ని మంచం మీంచి ఎత్తుకునేవాళ్ళు అలాగే లేపుతారు. లేచేటప్పుడు ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టయింది. రాత్రి సరిగ్గా పడుకోలేదేమో అనుకున్నాడు.

ఆ పెట్టెలో ఉన్నది మనిషి ఎముకల్లోంచి తీసిన మూలుగ. ఈ ఊరి ఆసుపత్రిలో ముక్కూ మొహం తెలియని ఎవరో పొద్దున్నే ఇచ్చారు. సరిహద్దు అవతల, పొరుగు దేశపు ఆసుపత్రిలో ముక్కూ మొహం తెలియని ఇంకెవరో దానికోసం చూస్తున్నారు. వాళ్ళెవరో అతనికి చెప్పరు, అతను అడగకూడదు. ఒక్క సంగతి మాత్రం పనిలో చేరిన కొత్తలో పెద్ద నర్సు విడమరిచి చెప్పింది. జబ్బు మనిషి ఒంట్లో ఉన్న పాత మూలుగనంతా మందులు పెట్టి ముందే చంపేస్తారు. ఇది చేరేదాకా ఆ ఒంట్లో కొత్త రక్తం పుట్టే చోటే ఉండదు. “మీరు వెళ్ళేదాకా వాళ్ళు గాలిలో దీపమండీ,” అంది. ఆ పూట అతను కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయాడు.

ఇంత తొందర పని ఇతని చేతిలో పడిందంటే ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. బళ్ళో పిల్లలు అతనికి నత్త అని పేరు పెట్టారు. ఆ పేరు అతనితోపాటే పెరిగి పెద్దదై, పెళ్ళయ్యాక అత్తవారింట్లో కూడా కాపురం పెట్టింది. బావమరిది ఇప్పటికీ నత్త బావ అనే పిలుస్తాడు. ఊరికే కాదు. పెళ్ళికి తరలి వెళ్తూ దారిలో ఏదో స్టేషన్లో మంచినీళ్ళకని రైలు దిగాడు. కుళాయి దగ్గర దాహంతో ఉన్నవాళ్ళందర్నీ ముందు తాగనిచ్చాడు. తన వంతు వచ్చి చెంబు పట్టేసరికి రైలు కనుచూపు మేర దాటిపోయింది. అవతల ఊళ్ళో పెళ్ళికొడుకు తప్ప పెళ్ళివారందరూ దిగారు. మర్నాటి బండిలో అతను నిండు చెంబుతో సహా దిగాడని భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. “ఒక్క చుక్క ఒలకలేదు, అదీ మా ఆయన ఘనత” అని కలుపుతుంది కూడా.

ఆ ఒలకకపోవడమే చాలా ఏళ్ళు అన్నం పెట్టింది. గాజు సామాన్ల కొట్లో సరుకు కట్టే పని. పెట్టె అడుగున గడ్డి పరిచి, గ్లాసుకీ గ్లాసుకీ మధ్య కాగితం దోపి, పళ్ళేలని నిలువునా నిలబెట్టి, సందుల్లో వేలు పెట్టి కదుపుతూ చూసుకునేవాడు. ఏదైనా కదిలిందా, మొత్తం విప్పి మళ్ళీ కట్టేవాడు. గడ్డికీ కాగితానికీ రాసుకుని వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. పెద్ద యజమాని పోయాక కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఆ కొడుక్కి పగలకుండా వెళ్ళేవి కాదు, పొద్దు కుంకకముందే వెళ్ళేవి కావాలి. పగిలితే ఇంకో పెట్టె పంపిద్దాం, నువ్వు మాత్రం ఇంటికెళ్ళు అన్నాడు. అతను వాదించలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఆసుపత్రిలో వ్యాను తోలే బావమరిదే అతన్ని అక్కడ పెట్టించాడు. రక్తం సీసాలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసే పని. పెద్ద నర్సు కంట పడింది అక్కడే. వసారాలో అందరూ ఉరుకులు పరుగుల మీద ఉంటే, ఈ మనిషి చేతిలో పళ్ళెం మాత్రం నిలవనీటి మీద పడవలా పోతోంది. ఆమె కొన్నాళ్ళు గమనించి, ఒకరోజు పిలిచి, విమానం ఎక్కుతారా అని అడిగింది. అతను ఆలోచించి మర్నాడు చెప్పాడు, ఎక్కుతానని.

మనిషి నిదానస్తుడైతే ఏం, దారి నిదానం కాకూడదు. విమానాశ్రయంలో తనిఖీ వరుస ఒక్కోసారి కొండచిలువలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దిగాక కస్టమ్స్ దగ్గర ఇంకో చుట్ట. అందుకని ఆసుపత్రివాళ్ళు అతని పేరున విశ్వసనీయ ప్రయాణికుడి కార్డుకి అర్జీ పెట్టారు. ముందే మన పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి చూసి, వేలిముద్రలు తీసుకుని, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి, ఈ మనిషి వల్ల ప్రమాదం లేదనుకుంటే కార్డు ఇస్తారు. అది ఉంటే వరుసే వేరు. బూట్లు విప్పక్కర్లేదు, దిగాక అధికారి ముందు నిలబడక్కర్లేదు, యంత్రానికి మొహం చూపించి వెళ్ళిపోవచ్చు.

ఆ మాట్లాడే రోజున అధికారి అడిగాడు, ఎప్పుడైనా కోర్టు మెట్లెక్కారా అని. ఎక్కానన్నాడు. అధికారి కలం కింద పెట్టాడు. తన సైకిలే పోయింది, దొంగ దొరికాడు, సాక్ష్యానికి పిలిచారు. తీసుకెళ్తున్నప్పుడు వీపు మాత్రమే చూశాను, ఈ మొహం చూశానని ఎలా చెప్పను అన్నాడట జడ్జీతో. దొంగని వదిలేశారు. “సైకిలో?” అని అడిగాడు అధికారి. “అది వాడి దగ్గరే ఉండిపోయిందండీ,” అన్నాడతను. అధికారి చాలాసేపు నవ్వి సంతకం పెట్టాడు.

కార్డు ఇంటికి వచ్చినప్పుడు భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇన్నేళ్ళు కాపురం చేసినా నాకు కుదరని నమ్మకం, గంట మాట్లాడి వాళ్ళకెలా కుదిరిందండీ?” అంది. అంటూనే దానికొక గుడ్డ సంచీ కుట్టి, మెళ్ళో వేసుకోవడానికి తాడు పెట్టింది.

ఇవాళ ఆ సంచీలోంచి కార్డు తీసి చూపించేసరికి తాడు చొక్కా గుండీకి చిక్కుకుంది. పెట్టె మీదనుంచి రెండో చెయ్యి తియ్యకుండా దాన్ని విడిపించుకోవడానికి కొంత సేపు పట్టింది. వెనక సూటు వేసుకున్న ఒకాయన నిట్టూర్చాడు. తనిఖీ దగ్గర ఉండే గడ్డం ఇన్‌స్పెక్టరు లేచి వచ్చాడు.

“ఏం బాబాయ్, మళ్ళీ బయల్దేరావా?”

“బయల్దేరాను నాయనా. దీన్ని మాత్రం…”

“తెలుసులే,” అంటూ ఇన్‌స్పెక్టరు పెట్టెని యంత్రం పక్కనుంచి తనే నడిపించాడు. ఆ యంత్రపు కిరణాలు తగిలితే లోపలిది పాడవుతుంది. అందుకని పెట్టె ఒంటినిండా ఒక గుడ్డ పేలికతో తుడిచి, ఆ పేలికని వేరే యంత్రంలో పెట్టి, మందుగుండు వాసన లేదని తేల్చుకున్నాడు. పొద్దున్నే టిఫిను తిన్నావా, మొహం అలా పీక్కుపోయిందేమిటని కూడా అడిగాడు. తిన్నాననే చెప్పాడతను. నిజానికి భార్య పెట్టింది సగం వదిలేశాడు. ఛాతీలో ఏదో అడ్డం పడినట్టు ఉండి దిగలేదు.

విమానంలో పెట్టె రెండు పాదాల మధ్య ఉంది. అతను కునుకు తియ్యలేదు. నీళ్ళిస్తే వద్దన్నాడు, తాగితే లేవాలి, లేస్తే పెట్టెని కూడా మోసుకుని ఆ ఇరుకు గదిలోకి వెళ్ళాలి. పక్క సీటావిడ అందులో పిల్లి ఉందా అని అడిగింది. లేదమ్మా, ఉంటే ఈపాటికి అరిచేది అన్నాడు. ఆవిడ నవ్వింది. మేఘాల మీద ఎండ తెల్లగా కాస్తోంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కినట్టుంటే వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

దిగాక కార్డున్నవాళ్ళ యంత్రాల దగ్గరికి వెళ్ళాడు. అరిగిన వేళ్ళని ఆ గాజుపలక ఎప్పుడూ ఒక పట్టాన గుర్తుపట్టదు. నోటి ఆవిరి పట్టి, తడి చేసి, మళ్ళీ ఆనించాడు. రెండోసారికి పట్టింది. కానీ బయటికి వచ్చిన చీటీ మీద పెద్ద కొట్టివేత గుర్తు ఉంది.

కార్డున్నవాళ్ళని కూడా అప్పుడప్పుడు లాటరీ తీసినట్టు ఏరి, పక్కకి పిలిచి చూస్తారని అతనికి తెలుసు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తన వంతు రాలేదు. ఆ గుర్తు చూపించగానే ఒక పక్క గదిలోకి పంపారు. బల్ల వెనక అధికారిణి ఉంది. వయసు చిన్నదే, యూనిఫాం మడతలు ఇంకా కొత్తగా ఉన్నాయి. కాగితాలు చదివింది. పెట్టెని అవతలి యంత్రంలోకి పంపమంది.

“పంపకూడదమ్మా,” అన్నాడతను.

“కార్డుంది కాబట్టి మీకు రూల్సు వర్తించవనుకుంటున్నారా?”

“కార్డు లేకపోయినా ఇదే చెబుతాను. ఆ కిరణాలు తగిలితే లోపలున్నది చచ్చిపోతుంది. కావాలంటే నన్ను పంపండి అందులోంచి. రెండుసార్లు పంపండి.”

ఆమె నవ్వలేదు, కానీ పెట్టె వైపు చాపిన చెయ్యి ఆగింది. పై అధికారికి ఫోను చేసింది. ఆయన తియ్యలేదు. భోజనానికి వెళ్ళి ఉంటారు, వచ్చేదాకా కూర్చోమంది. గోడవారన ఉన్న కుర్చీలో అతను పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మళ్ళీ ఫోను చేసింది. మళ్ళీ తియ్యలేదు. గదిలో పంకా తిరుగుతున్నా అతని మెడ వెనక చెమట పట్టింది. నొప్పి ఇప్పుడు భుజం దగ్గర ఆగలేదు, దవడలోకి పాకింది. అతనికి దాని మీద ధ్యాస లేదు. మూత మీదున్న చిన్న కిటికీలో, లోపలి చల్లదనం చూపే అంకె మారుతుందేమోనని చూస్తున్నాడు. ఏదో గదిలో, తెర వెనక, ఒంట్లో రక్తం పుట్టని మనిషి ఒకరు తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంటారు.

లేచి నిలబడ్డాడు.

“అమ్మా, నేను బుద్ధెరిగాక ఎవర్నీ తొందరపెట్టలేదు. నన్నే అందరూ తొందరపెట్టారు. ఇప్పుడు మిమ్మల్ని తొందరపెడుతున్నాను.”

గొంతు పెద్దది చెయ్యలేదు. ఆమె అతని మొహంలోకి చూసింది, కాగితాలకేసి చూసింది. ఈసారి పై అధికారికి కాకుండా కాగితం మీదున్న ఆసుపత్రి నెంబరుకి చేసింది. అవతల ఎవరో ఏదో గబగబా చెబుతున్నారు. ఆమె ఔనండీ, సరేనండీ అని రెండుసార్లు అని ఫోను పెట్టేసి, గుడ్డ పేలిక తీసి, గడ్డం ఇన్‌స్పెక్టరు చేసినట్టే పెట్టె ఒళ్ళంతా తుడిచింది. తర్వాత తాళాలు అందుకుని, సిబ్బంది మాత్రమే వెళ్ళే తలుపు తీసి, అతని ముందు తనే నడిచింది. టాక్సీ తలుపు కూడా తనే తెరిచింది.

“నాకు తెలియదండీ, కొత్తగా చేరాను,” అంది.

“మీ పని మీరు చేశారు. చూడకుండా వదిలేస్తే ఆ కార్డుకి మాత్రం విలువేముంది?” అన్నాడతను. మనసులో ఉన్నదే అన్నాడు.

ఆసుపత్రిలో మూడో అంతస్తు. మొహానికి గుడ్డ కట్టుకున్న నర్సు పెట్టె అందుకుని, లోపల చల్లదనం చూసి, బాగుందని తలూపి, రెండు తలుపుల అవతలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ అతని పని అక్కడితో అయిపోతుంది. ఖాళీ చేతులతో లిఫ్టు ఎక్కుతాడు, ఆ మనిషి బతికారో లేదో ఎప్పటికీ తెలియదు. ఇవాళ మాత్రం కాళ్ళు లిఫ్టు దాకా సాగలేదు. నడవలో ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. కిటికీలోంచి కనిపించే డాబా మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. అవి గాలికి ఉబ్బడం, వాలడం చూస్తూ, ఊపిరి కుదుటపడేదాకా కూర్చున్నాడు.

తలుపులు తెరుచుకున్నాయి. ఇందాకటి నర్సు బయటికి వచ్చి, ఇతను ఇంకా అక్కడే ఉండడం చూసి ఆగింది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది.

“ఎక్కించడం మొదలుపెట్టారు,” అంది మెల్లగా.

“ఎంతసేపు పడుతుందమ్మా?” అన్నాడు.

“చాలాసేపే. చుక్క చుక్కా ఎక్కించాలి. ఇందులో తొందర పనికిరాదు.”

“అలాగా,” అన్నాడు. ఇంకోసారి, “అలాగా,” అన్నాడు. నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళు తడిసాయి. ఇన్ని ఊళ్ళు దాటి, ఇన్ని వరుసలు తప్పించుకుని వచ్చింది చివరికి నత్త నడకే నడుస్తోందన్నమాట. ఈ సంగతి బావమరిదికి చెప్పాలనుకున్నాడు.

నర్సు అతని మొహం చూసి, కింద డాక్టరుకి చూపించుకుని వెళ్ళమంది. విమానం వేళవుతుంది, మా ఊళ్ళోనే చూపించుకుంటాను, అక్కడైతే మావాళ్ళున్నారు అన్నాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

కింద మందుల కొట్లో అద్దాల వెనక మోకాళ్ళకి తొడుక్కునే ఉన్ని పట్టీలు కనిపించాయి. భార్య ఈమధ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. అడిగితే ఏమీ లేదంటుంది. జత తీసుకున్నాడు. కొలత ఏదని అడిగితే చాలాసేపు ఆలోచించి, తన అరచెయ్యి రెండింతలు చేసి చూపించాడు. కొట్లో అమ్మాయి మధ్య కొలతది ఇచ్చింది.

విమానాశ్రయం వాకిట్లో ఇంటికి ఫోను చేశాడు. పెట్టె ఇచ్చేశానన్నాడు. ఎక్కించడం మొదలుపెట్టారట, చుక్క చుక్కా ఎక్కిస్తారట అని చెప్పాడు. ఎప్పుడూ ఇంత చెప్పని మనిషి.

“గొంతు అదోలా ఉందేంటండీ?”

“అలిసిపోయానులే.”

“అయితే ఆ కార్డేదో చూపించి త్వరగా వచ్చెయ్యండి. ఆ పెద్ద వరుసలో నిలబడకండి ఇవాళైనా.”

సరేనన్నాడు. కానీ లోపలికి వెళ్ళాక కాళ్ళు అలవాటు ప్రకారం పెద్ద వరుస వైపే నడిచాయి. మొదట్లో ఒకసారి తిరుగు ప్రయాణంలో కార్డు చూపించి అందర్నీ దాటి వెళ్ళాడు. వరుసలో చంటిపిల్లని భుజాన వేసుకుని నిలబడ్డ ఒకావిడ అతని ఖాళీ చేతులకేసి చూసింది. చూసిందంతే. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టె లేకుండా ఆ వరుసలోకి వెళ్ళలేదు. ఎందుకండీ ఈ చాదస్తం అని భార్య నిలదీస్తే, ఆ నమ్మకం పెట్టెకిచ్చింది, నాకు కాదు అన్నాడు. పోనీ నాకు మీ మీద ఉన్న నమ్మకంతోనైనా త్వరగా రండి అని ఆవిడ దెప్పింది.

వరుస జరుగుతోంది, ఆగుతోంది. విమానం దాటిపోతుందని కంగారుపడుతున్న కుర్రజంటని ముందుకి పంపాడు. చేతికర్ర ముసలాయన్ని పంపాడు. తనిఖీ దగ్గరికి చేరేసరికి ముంజేతులు చల్లబడ్డాయి. ఈ వరుసలో అన్నీ విప్పాలి. కోటు విప్పి, చేతుల్ని లోపలికి మడిచి, నాలుగు మడతలు వేసి ట్రేలో పెట్టాడు. పట్టీల కవరు దాని మీద పెట్టాడు. జారిపోతుందేమోనని కోటు అంచు కొంచెం పైకి లేపి ఆసరాగా సర్దాడు. పట్టా కదిలి, ట్రే రబ్బరు తెరల కిందికి వెళ్ళింది.

బూట్లు విప్పుకోవడానికి పక్కనున్న చిన్న బల్ల మీద కూర్చున్నాడు. కుడి కాలిది విప్పాడు. వెనకావిడ ఆగి చూస్తుంటే తలెత్తి, “మీరు వెళ్ళండమ్మా, నాకు కాస్త ఆలస్యమవుతుంది,” అన్నాడు. ఆమె వెళ్ళింది. ఆమె వెనకవాళ్ళూ వెళ్ళారు. అతను రెండో బూటు కోసం వంగబోయి, గోడకి జేరగిలబడి, అలాగే ఉన్నాడు.

వరుస అతని పక్కనుంచి నీళ్ళలా పాయ చీలి సాగిపోయింది. తలుపుల్లేని గుమ్మంలాంటి తనిఖీ ద్వారం దగ్గర నిలబడ్డ తనిఖీ మనిషి ఒకసారి ఇటు చూసింది. “నిదానంగానే రండి పెద్దాయనా, తొందరేం లేదు,” అంది. ఇంకొకర్ని పిలిచింది, ఇంకొకర్ని పంపింది. అతని మొహంలో నొప్పి లేదు. ఎవరికో దారి ఇచ్చి తన వంతు కోసం చూస్తున్నవాడి మొహంలాగే ఉంది. అందుకే, ఆమె మళ్ళీ ఇటు తిరిగి, దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసేసరికి చాలాసేపే అయింది.

యంత్రానికి అవతల, పట్టా చివర, ట్రేలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. జనం బెల్టులు, సంచీలు, గొడుగులు తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఒక్క ట్రే మాత్రం అంచుదాకా వచ్చి ఆగిపోయింది. వెనకవి వచ్చి తగిలినప్పుడల్లా కొద్దిగా కదులుతోంది. నాలుగు మడతల కోటు మీద మోకాళ్ళ పట్టీల జత, కవరు విప్పనిది, పెట్టింది పెట్టినట్టే ఉంది.